చెవి వెనక పుట్టుమచ్చ

మంగతాయారు అసూయ సంగతి రామచంద్రపురంలో తెలియనివాళ్ళు లేరు. మొగుడు గవర్రాజు బతికున్న రోజుల్లో పక్కింటి గేదెను "మా తల్లే, మా బంగారమే" అని నిమిరాడట. ఈవిడ రెండు పూటలు అన్నం మానేసింది. మూడోపూట ముద్ద నోట్లో పెట్టుకున్నది కూడా, ఆ గేదెను అమ్మేశారని కబురు తెలిశాకే. ఇంకోసారి బస్సు కండక్టరమ్మ టిక్కెట్టు ఇస్తూ ఆయన చేతికి వేలు తగిలించింది. తగిలిన సంగతి ఆయనకీ తెలియదు, కండక్టరమ్మకీ తెలియదు. మంగతాయారుకి మాత్రం అది ఎడమచేతి చిటికెనవేలని కూడా తెలుసు. ఆ తర్వాత ఆ బస్సు వస్తోందంటే చాలు, గవర్రాజు రోడ్డుకి వీపు పెట్టి నిలబడేవాడు.

అలాంటి మనిషికి, మొగుడు గుండాగి పోయినప్పుడు, ఏడుపు మధ్యలో ఒక్కటే నిబ్బరం. ఇక ఆయన పరాయిదాని వంక చూడడు. చూడ్డానికి లేడు.

ఆ నిబ్బరం ఆవిడకి ఎంతోకాలం దక్కలేదు.

గవర్రాజుది సప్లయిర్సు కొట్టు. పెళ్ళిళ్ళకీ, సంతర్పణలకీ కుర్చీలు, షామియానాలు, గుండిగలు, బేసిన్లు అద్దెకిచ్చేవాడు. కాకినాడ పోర్టు రోడ్డులో పాత ఐసు ఫ్యాక్టరీని బాగుచేసి 'నీడశాల' అని పెట్టినప్పుడు, ప్రారంభోత్సవానికి కుర్చీలు తోలింది ఆయనే. నీడశాలంటే, మనిషి మనసుని అచ్చుతీసి యంత్రంలో దాచే చోటు. ఆ యంత్రాలకి పెట్టిన ఏసీల చలికి పక్క సందులో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసి, పొద్దస్తమానం ఇస్త్రీ బండి కింద దూరేవని చెప్పుకుంటారు. మొదటి నీడ ఎవరిది తియ్యాలన్న మాట వచ్చేసరికి, వేదిక మీద పెద్దలందరికీ ఒక్కసారే అర్జంటు ఫోన్లు వచ్చాయి. మిగిలింది కుర్చీలు సర్దుతున్న గవర్రాజు. కూర్చోబెట్టేశారు.

కొన్ని వారాలు పిలిచి కూర్చోబెట్టి, తలకి తట్టలాంటి టోపీ పెట్టి, పాటలు వినిపించారు, వాసనలు చూపించారు, పాత తగాదాలు తవ్వారు. ఆ తోడినదంతా ఒక అరలో పోశారు. పెద్ద యంత్రంలో చిన్న యంత్రం, చిన్న యంత్రంలో గవర్రాజు. పిలిచినప్పుడు ఆ చిన్న యంత్రం నిద్రలేచి, తన అరలోని జ్ఞాపకాలు అందుకుని, తానే గవర్రాజుననుకుంటుంది. ఆయన పోయాక వారం వారం మంగతాయారు వెళ్ళి, గాజు గదిలో తెర ముందు కూర్చుని మొగుడితో మాట్లాడి వచ్చేది.

మొదట్లో బతికున్న గవర్రాజుకీ ఆ గవర్రాజుకీ తేడాయే లేదు. "బేసిన్లు లెక్కపెట్టావా? గరిటెలు అన్నీ వచ్చాయా?" ఇదే గోల. కానీ మొన్నటి వానాకాలం వెళ్ళాక ఆయనలో మార్పొచ్చింది. మెత్తబడ్డాడు.

"నీ చేతి పులుసు ముందు దేవతల అమృతం ఎందుకే? కుక్కలకి పొయ్యనా?" అన్నాడొక వారం.

మంగతాయారు కుర్చీలోనే కరిగిపోయింది. కాపురం చేసినన్నాళ్ళూ ఆ పులుసు పోసుకు తిని, కంచం తోసి, "ఉప్పు" అనే ఒక్క మాట అనేవాడు ఆ మనిషి. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా చెప్పేవాడు కాదు. చావు మగాళ్ళకి మేలుచేస్తుంది కాబోలు అనుకుందావిడ. అప్పట్నించీ నీడశాలకి వెళ్ళే రోజున పట్టుచీర కట్టడం మొదలుపెట్టింది. కొట్టు ముందు నుంచి వెళుతుంటే ఎదురుగా టీ కొట్టువాళ్ళు, "మంగమ్మగారు మళ్ళీ పెళ్ళిచూపులకి బయల్దేరారు" అని మేలమాడేవారు. ఆవిడ తిట్టేది కాదు. లోపల్లోపల మురిసేది.

ఆ మురిపెం మీద ఒక వారం పిడుగు పడింది.

"ఏమే, ఒక్కసారి అటు తిరుగు" అన్నాడు గవర్రాజు తెరమీంచి. "ఆ కుడిచెవి వెనక పుట్టుమచ్చ చూడాలనుంది. గోదారి దాటించే పంటు మీద గాలికి నీ జుట్టెగిరినప్పుడు మొదటిసారి చూశాను. అప్పుడే అనుకున్నాను, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని."

మంగతాయారు చెయ్యి దానంతటదే చెవి వెనక్కి వెళ్ళింది. అక్కడ తలపిన్ను తప్ప ఏమీ లేదు.

"ఎవత్తెదండీ ఆ చెవి?"

"నీదే కదే!"

"నాకు మచ్చ లేదు. నేను జన్మలో పంటెక్కలేదు. గోదారంటే నాకు కళ్ళు తిరుగుతాయని తెలీదా మీకు?"

"ఉంటుందిలేవే. చెవి వెనక ఉన్నది నీకెలా కనబడుద్ది?"

ఆ మాటకి ఆవిడ ముక్కు ఎర్రబడింది. కోపం వస్తే ఆవిడ ముక్కు టమాటాపండే. గాజు తలుపు తోసుకుని బయటికొచ్చి, నీడశాల ఇంజినీరు బుల్లబ్బాయిని పట్టుకుంది. సన్నగా, పొడుగ్గా, షామియానా గుంజకి చొక్కా తొడిగినట్టుండే మనిషి అతను.

"అబ్బాయ్, మా ఆయన బుద్ధి చెడింది. ఎవత్తెనో తలుచుకుంటున్నాడు."

బుల్లబ్బాయి తెర దగ్గరికెళ్ళి ఏవేవో మీటలు నొక్కి చూశాడు. "యంత్రం బ్రహ్మాండంగా ఉందండి పిన్నిగారూ. ఎక్కడా ఒక్క తప్పు కూడా చూపించట్లేదు."

"యంత్రం బాగుందయ్యా. మొగుడే బాలేదు."

ఇంటికెళ్ళి రెండు అద్దాలు పెట్టి చెవి వెనక చూసుకుంది. లేదు. అంటే ఎక్కడో, ఎవరికో ఉంది. పెళ్ళికి ముందు సంగతా? పెళ్ళయ్యాకా? గరిటెలు తేవడానికని రెండ్రోజులు రాజమండ్రి వెళ్ళి, గరిటెలు లేకుండా వచ్చాడొకసారి. అప్పుడేనా?

ఇక చూడండి. ఆ లగ్గసర్లలో ఏ పెళ్ళికి కుర్చీలు తోలినా మంగతాయారు స్వయంగా వెళ్ళేది. పంక్తిలో ఆడవాళ్ళ వెనక కుర్చీలు సర్దుతున్నట్టు నటిస్తూ కుడిచెవులు చూసుకుంటూ పోయేది. ఆ సీజన్లో ఆవిడ చూసినన్ని చెవులు చెవుల డాక్టరు కూడా చూసి ఉండడు. ద్రాక్షారామంలో పెళ్ళికూతురి మేనత్త ఒకావిడ, పులిహోర తింటూ తింటూ గభాలున చెవి మూసుకుంది.

"ఏంటమ్మా, నా దుద్దుల వంక అలా చూస్తున్నావ్?"

"దుద్దులు కాదండి. చెవి."

"చెవులు కూడా అద్దెకిస్తున్నారేంటి మీ కొట్లో?"

పంక్తంతా గొల్లుమంది. మంగతాయారు నవ్వలేదు. ఆ మేనత్తకి మచ్చ లేదు మరి.

చివరికి ఆవిడకొక యుక్తి తట్టింది. తరవాత వారం నీడశాలకెళ్ళి, గొంతు మెత్తగా చేసుకుని, తెరకి కుడిచెవి చూపిస్తూ కూర్చుంది.

"ఇదుగోండి మీ పుట్టుమచ్చ. చూసుకోండి. అవునుగానీ, మన ఇల్లెక్కడో గుర్తుందా మీకు?"

"గుర్తులేకపోవడమేంటే? కోటిపల్లి రేవు దిగితే ఎడమచేతి వైపు పెంకుటిల్లు. అరుగు మీద నీ కుట్టుమిషను. తలుపులకి ఆకుపచ్చ రంగు నేనే కదా వేశాను, పంటుకి వెయ్యగా మిగిలింది!"

గవర్రాజు జన్మలో కుంచె పట్టింది గుండిగల అడుగున 'గ.రా.' అని రాయడానికే. అయినా మంగతాయారుకి ఆ క్షణంలో అదేమీ తోచలేదు. అసూయ కళ్ళకి గంతలు కట్టదు, భూతద్దం పెడుతుంది. ఒక్క ఆకుపచ్చ తలుపు తప్ప ఆవిడకి లోకంలో ఇంకేమీ కనబడలేదు.

కోటిపల్లిలో ఆకుపచ్చ తలుపుల పెంకుటిల్లు దొరికింది. అరుగు మీద కుట్టుమిషను దొరికింది. మిషను ముందు, ఈవిడ ఈడే ఉన్న ఒకావిడ జాకెట్టు కుడుతూ, దారం పళ్ళతో తెంపడానికి మెడ వంచింది. కుడిచెవి వెనక మినపగింజంత మచ్చ.

"నువ్వేనా!" అంది మంగతాయారు.

ఆవిడ తలెత్తి, ఎదురుగా ఎర్రటి ముక్కుని చూసి, కత్తెర కింద పెట్టి లేచింది.

"ఆ ముక్కు... నువ్వు మంగవా?"

"నా పేరు కూడా చెప్పాడా నీకు! ఎన్నాళ్ళ నుంచే మా ఆయనతో?"

"అయ్ బాబోయ్, నేనడగాల్సిన మాట నువ్వడుగుతున్నావే! మా ఆయన త్రిమూర్తులు ఈ రేవులో పంటు నడిపినోడు. రేవంతా ఆయన్ని రాముడనేది. అలాంటోడు పోయి, ఆ కాకినాడ మిషన్లో కూర్చుని, నన్ను పట్టుకుని 'మంగా, ముక్కు ఎర్రబడిందేంటే, కుర్చీలు లెక్కపెట్టావా' అంటాడు! మా ఇంట్లో ఉన్న కుర్చీ ఒక్కటే. దాన్ని ఎన్నిసార్లు లెక్కపెట్టనే?"

"కుర్చీలా?"

"బేసిన్లంట, గుండిగలంట. ఎవత్తె ఈ మంగ, మా ఆయనకి గుండిగలెప్పుడు తోమిపెట్టింది అని నేను ఈ జిల్లాలో సప్లయిర్సు కొట్లన్నీ వాకబు చేస్తున్నాను. నీ అంతట నువ్వే వచ్చావు, మంచిదైంది. రా, జుట్టు ఇలా ఇవ్వు!"

జుట్లు అందుకునేవారేగానీ, ఇద్దరి చేతులూ గాల్లోనే ఆగాయి. త్రిమూర్తులు బేసిన్లు అడగడమేంటి? గవర్రాజు పంటుకి రంగెయ్యడమేంటి? ఇద్దరూ అరుగు మీద చెరోవైపు కూలబడ్డారు.

ఆవిడ పేరు అమ్మాజీ. మంచినీళ్ళిచ్చింది. ఇద్దరూ తమ తమ మొగుళ్ళు ఈ మధ్య అన్న మాటలన్నీ బయటపెట్టుకున్నారు. ఎవరి వస్తువు వాళ్ళకిచ్చేసినట్టు, గరిటెల గొడవంతా ఇటు, గోదారి గాలంతా అటు. చివరికి మంగతాయారు, ఉన్నదాంట్లోకెల్లా తనకి ఇష్టమైనదాన్ని దాచుకుందామనుకుని కూడా దాచుకోలేక అడిగింది.

"మరి... పులుసు మాట? 'నీ చేతి పులుసు ముందు దేవతల అమృతం ఎందుకే' అని?"

"'కుక్కలకి పొయ్యనా' అన్నాడా? అది ఆయనదే. అన్నం పెట్టినప్పుడల్లా అనేవాడు. రోజూ అదే మాట. విని విని విసుగొచ్చేసేది నాకు."

మంగతాయారు గ్లాసు అరుగు మీద పెట్టేసింది. ఇన్నాళ్ళూ తాను పడ్డదంతా అసూయ కాదు, ఆటబొమ్మ. అసలుది ఇప్పుడు లోపలికొచ్చి కూర్చుంది. ఈ మనిషికి ఆ మాట రోజూ దొరికింది. బతికున్నవాడి నోట, వేడివేడి అన్నం ముందు. దొరికి, విసుగు కూడా పుట్టింది.

"విసుగొచ్చేదా నీకు?" అంది నెమ్మదిగా.

మర్నాడు ఇద్దరూ కలిసి నీడశాల మీద పడ్డారు. బుల్లబ్బాయి మొదట నవ్వాడు. తరవాత లోపలికెళ్ళి అరల దగ్గర మూతలు విప్పి చూశాడు. బయటికొచ్చేసరికి మొహం ఉతికిన గుడ్డలా పాలిపోయింది.

"పిన్నిగారూ, గవర్రాజుగారి అర లేదండి."

"లేకపోవడమేంటి? వారం వారం మాట్లాడుతున్నాను!"

"సముద్రపు ఉప్పు గాలికి వానాకాలంలోనే తుప్పట్టిపోయిందండి, ఓ మూల రేకుముక్క మిగిలినా దానంతటది నీడని లేపలేదు. మరి నాకెందుకు తెలియలేదంటే..." అతను కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "ఈ యంత్రం నడకంతా నేను రాసిందే. మా మామ్మ ఒక కట్టడి పెట్టేదండి ఇంట్లో. గుమ్మంలోకొచ్చిన మనిషికి 'లేదు' అని చెప్పకూడదు. బియ్యం అడుగంటితే దొడ్డిదారిన పక్కింటికెళ్ళి చేట నింపుకొచ్చి, చుట్టానికి తెలియకుండా వండి పెట్టాలి. నేనూ అదే రాశాను. నీడ లేచి తన అర అడిగితే, అర దొరక్కపోతే, చడీచప్పుడూ లేకుండా ఉమ్మడి సావిట్లోంచి ఖాళీగా ఉన్న చోటిచ్చెయ్యమని. ఎవరికీ చెప్పద్దని."

"ఖాళీ చోటైతే మా ఆయన అందులోకెలా వచ్చాడు?" అంది అమ్మాజీ.

"మీ ఆయన అర బాగానే ఉందండి, కాస్త ఇరుకు. ఆయనేమో మాటకారి. అరలో పట్టనివి సావిట్లో పెట్టుకుంటున్నాడు. ఆయన నిద్రపోయాక ఆ చోటు తుడవకుండానే గవర్రాజుగారికి ఇచ్చేస్తోంది యంత్రం. ఈయన వదిలినవి మళ్ళీ ఆయనకి అంటుకుంటున్నాయి."

మంగతాయారుకి ఇది వెంటనే అర్థమైంది. పెద్ద పెళ్ళిలో కుర్చీలు చాలకపోతే గవర్రాజు పెళ్ళివారికి తెలియకుండా పరాయి కొట్టు నుంచి తెచ్చి కలిపేసేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఎవరి కుర్చీ ఎవరింట్లో తేలేదో చెప్పనలవి కాదు.

"నకలు తీసి పెట్టుంటారు కదా బాబూ?"

"రోజూ తీస్తూనే ఉన్నామండి. కల్తీ అయినదాన్నే తీశాం. మంచి నకలు మీద కల్తీ నకలు ఎక్కేసింది. ఒక్కసారైనా యంత్రం 'లేదు' అని ఉంటే ఆ రోజే చూసుకునేవాణ్ణి."

తరవాత అతనే చెప్పాడు. ఆ దొడ్డిదారి మూసేస్తాడు. ఒక్కసారిగా కాదు, ముందు కొన్నాళ్ళు దీపం పెడతాడు. నీడ తన అరలోది మాట్లాడితే పచ్చ దీపం, అరువు తెచ్చుకున్నది మాట్లాడితే ఎర్ర దీపం. అందరికీ తెలిశాక దారి మొత్తంగా మూత. ఇక మీదట అర లేని నీడ లేవదు. కానీ ఎప్పుడు పిలిచినా పలుకుతారని నీడశాల మాటిచ్చి ఉంది కాబట్టి, ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి.

"మూసేస్తే మా ఆయన?" అంది మంగతాయారు.

బుల్లబ్బాయి నేల చూశాడు.

"నేనొప్పుకోను."

"మంగా!" అమ్మాజీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నువ్వు పిలిచినప్పుడల్లా మా ఆయన కాస్త కాస్త పోతున్నాడే. మొన్న పంటు గంట ఎన్నిసార్లు కొట్టేవారండీ అనడిగితే, షామియానాకి ఎన్ని గుంజలో చెప్పాడు. పాతికేళ్ళు కొట్టిన గంట మర్చిపోయాడు."

"నీకేమమ్మా! పాతికేళ్ళూ తిన్నావు, విసుగు పుట్టేదాకా తిన్నావు. నాకు ఈ నాలుగు నెలలే. అవి కూడా నీ ఎంగిలేనంట. అయినా సరే, వదలను. మీ ఆయన చెప్పినా నా పేరుపెట్టి చెప్పాడు!"

చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోయింది. బస్సులో దారిపొడుగునా ఆవిడ ముక్కు చూసి కండక్టరు టిక్కెట్టు అడగడానికి జంకాడు.

దీపం బిగించారని తెలిశాక కూడా పట్టుచీర కట్టుకునే వెళ్ళింది. ఎర్ర దీపం వెలిగితే వెలగనీ, మాట వినబడితే చాలు అనుకుంది. కూర్చుంది.

"వచ్చావా? నిన్ను చూస్తే గోదారి పోటెత్తినట్టుంటుందే నాకు" అన్నాడు గవర్రాజు. ఎర్ర దీపం.

"నీ నవ్వుంటే రేవులో లాంతరెందుకు?" ఎర్ర దీపం.

మునుపు వినగానే చెంపలు వేడెక్కే మాటలు. ఇప్పుడు ఒక్కొక్కటీ ఆ ఎర్రటి వెలుగులో పడి, గుండిగ తిరగేసి అడుగు చూసినట్టు, పరాయి కొట్టువాడి అక్షరాలు చూపిస్తోంది. మాట అంటున్నది తనతో. చూస్తున్నది మాత్రం చెవి వెనక మచ్చున్న మనిషిని. ఆవిడకి మళ్ళీ ఒళ్ళు మండింది. తనని పిలుస్తూ, తన కళ్ళముందే, వేరొకదాన్ని ముద్దు చేస్తున్నాడు.

"ఆపండి! మీదంటూ ఒక్క మాట లేదా మీ దగ్గర? తుప్పట్టిన రేకు మూలైనా మిగల్లేదా? ఒక్క మాట, నాదీ మీదీ!"

దీపం ఆరిపోయింది. తరవాత, మిణుకుమిణుకుమంటూ, పచ్చగా వెలిగింది.

"బేసిన్లు లెక్కపెట్టావా?"

"పెట్టాను" అంది మంగతాయారు. "ఇంకా?"

"ఆ సూరన్న వచ్చాడా?"

"ఏ సూరన్న?"

"క్లారినెట్టు సూరన్న. రాయవరం పెళ్ళిలో మజ్జిగ ఇచ్చావుగా."

పచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది. మంగతాయారు గుర్తుతెచ్చుకోవడానికి కాసేపు పట్టింది. ఎండలో వాయించి వాయించి నోరెండిపోయిన మేళగాడికెవరికో గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. అవును. ఎప్పటి మాట అది!

"ఇస్తే?"

"ఇస్తే ఏంటే, నవ్వుతూ ఇచ్చావు. నాకు ఏ గ్లాసూ అలా నవ్వుతూ ఇవ్వలేదు. వాడు మూతి తుడుచుకుని నీ వంక చూసి మళ్ళీ వాయించాడు. పెళ్ళికొడుకు వంక చూసి వాయించాలా, సప్లయిర్సోడి పెళ్ళాం వంక చూసి వాయించాలా? అప్పట్నించీ వాడి మేళం ఉన్న పెళ్ళికి కుర్చీలు లేవని చెప్పేస్తున్నాను. గోడౌను నిండా పెట్టుకుని. రాజమండ్రి కూడా అందుకే పోయాను, వాడి ఊరేదో కనుక్కుందామని. గరిటెలు కొనడం మర్చిపోయాను."

మంగతాయారు నోరు తెరుచుకుండిపోయింది. గేదె మీదా, చిటికెనవేలి మీదా తాను కత్తులు నూరుకున్న ఆ ఏళ్ళన్నీ, పక్క మంచం మీద ఆ మనిషి నోరు మూసుకుని క్లారినెట్టు వింటూ పడుకున్నాడన్నమాట.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?"

"చెబితే నువ్వు మళ్ళీ నవ్వుతావని."

నిజంగానే నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు కారాయి, ముక్కు ఎర్రబడింది, ఈసారి కోపంతో కాదు. ఆ తుప్పులో, ఉప్పుగాలి తినగా మిగిలిన ఆ కాసింత రేకులో, ఆయన దాచుకున్నది పులుసు కాదు, గోదారి కాదు. ఒక మజ్జిగ గ్లాసు.

"ఇంకా చెప్పండి" అంది తెర దగ్గరికి జరిగి.

పచ్చ దీపం వణికింది. ఎర్రబడింది.

"నీ చేతి పులుసు ముందు దేవతల..."

"ఊరుకోండి. అది మీది కాదు" అంది మంగతాయారు మెత్తగా. లేచి, పమిట సర్దుకుని, బయటికొచ్చింది.

"మూసెయ్ బాబూ నీ దొడ్డిదారి" అంది బుల్లబ్బాయితో. "ఆ అమ్మాజీకి కబురు పెట్టు. దాని మొగుణ్ణి దానికి ఇచ్చేస్తున్నానని చెప్పు. శుభ్రంగా కడిగించుకోమను."

మూసే రోజున అతను తెర మీద రాయాల్సిన మాట దగ్గర ఆగిపోయాడు. "'ప్రస్తుతానికి వీలు పడటం లేదు' అని రాయనాండి? పోనీ 'కాసేపాగి పిలవండి' అని?"

"లేదని రాయి."

"మా మామ్మ ఒప్పుకోదండి."

"మీ మామ్మకి నేను చెప్పుకుంటాలే. రాయి."

రాశాడు. ఆవిడే స్వయంగా మీట నొక్కింది, చివరిసారి. యంత్రం ఆడగొంతుతో, ఉన్నదున్నట్టు చెప్పింది: "గవర్రాజుగారి అర లేదు. లేపలేను." మంగతాయారు ఆ గొంతు వచ్చిన వైపు ఓసారి అనుమానంగా చూసి, "ఇదెవత్తె?" అనబోయి ఊరుకుంది.

అమ్మాజీ మొగుడికి విశాలమైన కొత్త అర కట్టారు. అతను మళ్ళీ గంట కొడుతున్నాడు. ఎప్పుడైనా కాకినాడ సరుకుకి వెళ్ళినప్పుడు మంగతాయారు గాజు గది బయట బల్ల మీద కూర్చుంటుంది. అమ్మాజీ బయటికొస్తే, "ఏమన్నాడే మీ ఆయన?" అంటుంది. "ఏముంది, పులుసు మాటే" అంటుంది అమ్మాజీ. ఈవిడ మూతి తిప్పుకుని, దారిపొడుగునా ఆవిడతో మాట్లాడదు. సెంటరు దాకా వచ్చాక మళ్ళీ ఇద్దరూ కలిసే పకోడీ తింటారు.

మాఘమాసంలో రాయవరం నుంచి ఒక పెళ్ళి బేరం వచ్చింది. మేళం ఎవరిదని అడిగింది మంగతాయారు. సూరన్నదే అన్నారు. "ఎన్ని కుర్చీలు కావాలో చెప్పండి, అన్నీ ఉన్నాయి" అంది.

సూరన్న ముసలాడైపోయాడు. ముందు పళ్ళు రెండు లేవు, ఊదితే పాటకన్నా గాలే ఎక్కువొస్తోంది. ఎండలో వాయించి వాయించి కుర్చీలో కూలబడ్డాడు. మంగతాయారు గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి, అతని ముందు నిలబడి, నవ్వుతూ ఇచ్చింది. బాగా నవ్వింది. పంక్తిలోవాళ్ళు తిరిగి చూసేటంత నవ్వింది.

నవ్వుతూనే, బేసిన్లు పేర్చిన మూల వంక ఓరగా ఒకసారి చూసింది.

అక్కడెవరూ లేరు. అయినా ఖాళీ గ్లాసు వెంటనే వెనక్కి తీసుకోలేదు, కాసేపు అలాగే నవ్వుతూ నిలబడింది.